మూల కుర్చీకి ఆధారం

లొవ్రో పెళ్ళి చేసుకుని గ్రబ్నార్ ఇంట్లో అడుగుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇంతవరకూ ఆ ఇంట్లో అతనికి సరైన కుర్చీ దొరకలేదు. కుర్చీలు లేక కాదు, బల్ల చుట్టూ బోలెడున్నాయి. కానీ అతని కన్నంతా ఒక్కదాని మీదే.

అది మూలన, శిలువ కింద, రెండు కిటికీల మధ్య ఉండే చేతుల కుర్చీ. అందులో కూర్చున్నవాడే ఇంటి పెద్ద. కాల్చిన పెద్దబాతు కాలు మొదట అతని పళ్ళెంలోనే పడుతుంది. కొత్త వైను అతను ఒక గుక్క తాగి "ఊఁ" అంటేనే మిగతావాళ్ళు గ్లాసులెత్తాలి. లొవ్రో కూడా జీవితంలో చాలాసార్లు "ఊఁ" అన్నాడు గానీ, అన్నీ భార్య మాటకే.

మామగారు అంతోన్ పోయాక ఆ కుర్చీ ఖాళీ అయింది. దాని చేతికి ఆయన టోపీ తగిలించి ఉంచారు. లొవ్రో మర్యాదకు ఒక ఏడాది ఆగి, ఆ తర్వాత ఒక ఆదివారం మెల్లగా అటువైపు అడుగు వేశాడు. ఎనభై దాటిన అత్తగారు తెక్లా పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"ఆగు అల్లుడూ. ఆ కుర్చీ ఈ ఇంటి నెత్తురున్న మగాడిది. నువ్వు బయట్నించి వచ్చావు. నేనూ అంతేలే. కాపురానికొచ్చిన రోజునే మా మామగారు యెర్నెయ్ ఈ పీట చూపించాడు. 'నది అవతలిదానివి, నీ చోటిది' అన్నాడు. అప్పట్నించీ ఇక్కడే కూర్చున్నా. నేనేమైనా అరిగిపోయానా?"

"మీరు అరగలేదత్తయ్యా, పీటే అరిగింది" అన్నాడు లొవ్రో. ఆ పూట అతనికి సూపులో ముక్కలు పడలేదు.

ఆ ఊళ్ళో ఇంటిపేరు మనుషులకు ఉండదు, ఇంటికి ఉంటుంది. ఆ కప్పు కింద ఎవరు చేరినా కొన్నాళ్ళకు వాళ్ళకూ అదే అంటుకుంటుంది. కాగితాల మీద లొవ్రో పేరు లొవ్రో కొబాల్. ఊరు మాత్రం అతన్ని గ్రబ్నార్ లొవ్రో అనే పిలుస్తుంది. బస్సు నడిపిన రోజుల్లో ఎవరైనా "కొబాల్!" అని కేకేస్తే అతనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఊరంతా ఒప్పుకున్న ఆ సంగతి అత్తగారి దగ్గర ఒక్కచోటే చెల్లలేదు. ఆవిడ దృష్టిలో ఇల్లరికపుటల్లుడు ఎన్నేళ్ళయినా ఇల్లరికపుటల్లుడే.

రిటైరయ్యాక లొవ్రో రోజంతా భార్య నేష్కా వెనకే తిరగడం మొదలుపెట్టాడు. గిన్నెల మూతలెత్తి చూసి ఉప్పు మీద సలహాలిచ్చేవాడు. ఆమె గోడు వినలేక, పట్నంలో ఉన్న కూతురు తండ్రికి వంశవృక్షం కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనిచ్చింది. దాని పేరు కొరెనినా.

ఈ కొరెనినాకు ఒక చాదస్తం ఉంది. ఎవరు ఎక్కడ పుట్టారని రాసినా "ఆధారం?" అని అడుగుతుంది. ఏ పుస్తకంలో, ఏ పేజీలో చూశావో, ఎవరి నోట విన్నావో చెప్పేదాకా పేరు పక్కన ఎర్ర ప్రశ్నార్థకం నిలబెడుతుంది. చెప్పింది సరిగ్గా ఉంటే అది పచ్చ టిక్కుగా మారుతుంది. లొవ్రో మొట్టమొదట తన పేరు కొట్టాడు. ఎర్ర ప్రశ్నార్థకం వచ్చింది.

"నేను పుట్టానో లేదో అని దీనికి అనుమానంగా ఉందే!" అని విస్తుపోయాడు.

"నాకూ అప్పుడప్పుడు వస్తుందయ్యా. మొన్న కట్టెలు కొట్టమన్నప్పుడు ఎంత వెతికినా నువ్వు కనబడలేదు" అంది నేష్కా.

అలా తాతలూ ముత్తాతలూ ఎక్కిస్తూ ఉండగా లొవ్రోకి నాన్నమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది. "మీ ముత్తాత ష్టెఫాన్ ఉన్నాడే, ఆయన గ్రబ్నార్ వాళ్ళింటి మనిషేరా" అనేది ఆవిడ. లొవ్రో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముత్తాత ఈ ఇంట్లో పుట్టి ఉంటే, తన ఒంట్లో ఉన్నదీ ఈ ఇంటి నెత్తురే. అప్పుడు తను బయటివాడు కాదు, ఇన్నాళ్ళకు సొంతింటికి తిరిగొచ్చిన వారసుడు. మూల కుర్చీ తనది.

ఈ సంగతి భార్యకు చెబితే ఆమె పిండి కలుపుతున్న చేతులు నడుమున పెట్టుకుంది.

"అంటే నేను నీకు వరసకు చెల్లెల్నా?"

"ఎన్ని తరాల కిందటి మాటో! అంత దూరమైతే పాదిరిగారు కూడా పట్టించుకోరు."

"ఆయన పట్టించుకోకపోతే ఏం, నేను పట్టించుకుంటా. ఇవాళ్టి నుంచి నీ పక్క సోఫా మీద. అన్నగారూ, కాస్త తప్పుకుంటే పొయ్యిలో కట్టె పెడతా."

లొవ్రో వెనక్కి తగ్గలేదు. 'ష్టెఫాన్ కొబాల్, జననం: గ్రబ్నార్ ఇల్లు' అని కొట్టాడు. ఆధారం అన్నచోట 'మా నాన్నమ్మ' అని రాశాడు. కొరెనినా దాన్ని 'విన్న మాట' కింద జమకట్టి, ప్రశ్నార్థకాన్ని ఎరుపు నుంచి పసుపుకు మార్చి ఊరుకుంది. పసుపుతో అత్తగారు కరగదని అతనికి తెలుసు.

అప్పుడతనికి తట్టిన ఉపాయానికి అతనే మురిసిపోయాడు. చర్చివాళ్ళు నెలనెలా అచ్చువేసే చిన్న పత్రికకు 'మన ఊరి పాత కుటుంబాలు' అని ఒక వ్యాసం పంపాడు. అందులో మధ్యలో ఎక్కడో, ఎవరి కంటా పడనట్టు, ష్టెఫాన్ కొబాల్ గ్రబ్నార్ ఇంట్లో పుట్టాడని ఒక వాక్యం ఇరికించాడు. కింద తన పేరు రాయకుండా 'ఒక చరిత్రాభిమాని' అని పెట్టాడు. పత్రిక రాగానే ఆ పేజీని ఫొటో తీసి ఆధారంగా ఎక్కించాడు. పచ్చ టిక్కు పడింది.

"చూశావా! అచ్చులో ఉంది!" అని ఇల్లంతా గంతులేశాడు.

కొరెనినా వాడేవాళ్ళంతా కబుర్లాడుకునే చావడి లాంటి పేజీ ఒకటి ఉంది. లొవ్రో తన పచ్చ టిక్కును గర్వంగా అక్కడ పెట్టాడు. గంట తిరక్కుండా ముళ్ళపంది అనే మారుపేరుతో ఎవరో జవాబిచ్చారు.

"అయ్యా, ఆ వ్యాసం రాసిన చరిత్రాభిమాని ఎవరు? ఆ ముక్క ఆయనకెవరు చెప్పారు? మీరు చెబితే ఆయన రాసి, ఆయన రాశాడని మీరు నమ్ముతున్నారా? తన వీపు తనే తట్టుకుంటే మెచ్చుకోలవుతుందా?"

లొవ్రో ముఖం కందగడ్డయింది. టిక్కును తీసేసి, ముళ్ళపందిని నోటికొచ్చినట్టు తిట్టాడు.

"ఎవరో పనీపాటా లేని వెధవ!"

"ఏమోలే, పని తెలిసిన మనిషిలాగే ఉంది" అంది నేష్కా అప్పడాల కర్రతో పిండి సాగదీస్తూ.

మర్నాడు ముళ్ళపంది మళ్ళీ రాసింది, ఈసారి కాస్త దయగా. "పాత ఇళ్ళలో ద్రాక్షగానుగ దూలం మీద ఇంటివాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. అసలైన ఆధారం అదే. అయితే ముందు నేలమాళిగ అంతా కడగాలి. దుమ్ములో చూస్తే అక్షరాలు తప్పు చదువుతారు. మూలమూలలా తుడవండి. బూజు మరిచిపోవద్దు."

నేలమాళిగ కడగమని నేష్కా ఏళ్ళ తరబడి మొత్తుకుంటోంది. అడిగినప్పుడల్లా లొవ్రో నడుము పట్టేసేది. ఇప్పుడు ఆ నడుము ఏమైందో, పొద్దున్నే చీపురూ బకెట్టూ పట్టుకుని కిందికి దిగాడు. గోడలు కడిగాడు, బూజు దులిపాడు, పగిలిన సీసాలు ఏరి పారేశాడు. ఆఖర్న గానుగ దూలం కోసం పీపా మీదికెక్కాడు. బ్రష్షుతో రుద్దేసరికి 'యె. హ.' అని రెండక్షరాలు బయటపడ్డాయి. ఆ సంతోషంలో కాలు జారి, పీపా కుళాయిని తన్నాడు.

కుళాయి ఊడి ఎక్కడో పడింది. కొత్త ద్రాక్షరసం బుస్సున చిమ్మింది. లొవ్రో బొటనవేలు బెజ్జంలో దోపి గావుకేక పెట్టాడు.

"నేష్కా! పీపా కారిపోతోంది!"

"ఆధారం?" అని పైనుంచి వినబడింది.

"నా బొటనవేలు!"

"ఎవరైనా చెబితే విన్నావా, కళ్ళారా చూశావా?"

"కళ్ళారా, చొక్కా నిండా, పంట్లాం నిండా! దిగిరావే తల్లీ!"

"తల్లీ ఏంటి అన్నగారూ, వరస కుదరట్లా" అంటూ ఆమె నింపాదిగా చేతులు తుడుచుకుని, గూట్లోంచి బిరడా వెతుక్కుని దిగింది. వచ్చాక కూడా మొదట చూసింది మొగుణ్ణి కాదు, అద్దంలా మెరుస్తున్న గోడల్ని.

ఆ తర్వాత ముళ్ళపంది దృష్టి అటక మీదికి మళ్ళింది. "పాత పెట్టెల అడుగున పెళ్ళికూతుళ్ళ పేర్లుంటాయి. ఒక్కో పెట్టె కిందికి దించి, తుడిచి, పనికిరానివి పారేసి చూడండి." లొవ్రో అటక ఎక్కాడు. చలికాలం నిద్రకు కొవ్వెక్కి సిద్ధమవుతున్న పోల్హ్‌ల కుటుంబం ఒకటి అక్కడ కాపురముంది. అవి ఎలుకకీ ఉడతకీ మధ్య బొద్దుగా ఉండే జంతువులు. అందులో ఒకటి బెదిరి అతని చొక్కాలో దూరింది. లొవ్రో నిచ్చెన మెట్లు ముట్టుకోకుండానే కిందికి వచ్చేశాడు.

"తీసేయ్! తీసేయ్!"

"ఎందుకయ్యా అంత కంగారు? దాని తాతముత్తాతలంతా ఈ అటక మీదే పుట్టారు. నీకన్నా దానికే హక్కు ఎక్కువ. కుర్చీ దానికిద్దామా?" అంది నేష్కా. పీట మీద తెక్లా పడీ పడీ నవ్వింది. ఈ ఇంట్లో ఆవిడ అంతలా నవ్వగా లొవ్రో ఎప్పుడూ చూడలేదు.

అటక ఖాళీ అయింది. తర్వాత వంతు పందుల కొట్టానిది. "సున్నం పొరల కింద పేర్లుంటాయి. గీకి చూసి మళ్ళీ సున్నం వేసేయండి, రెండు పూతలు" అని రాసింది ముళ్ళపంది. లొవ్రో ముక్కుకు గుడ్డ కట్టుకుని గీకాడు. నిజంగానే గుమ్మం పైకమ్మీ మీద 'ష్. క.' అని కనబడింది. ష్టెఫాన్ కొబాల్! అతను ఆ కొట్టంలోనే పందులతో కలిసి చిందులేశాడు.

"దొరికాడు! మా ముత్తాత ఈ ఇంటివాడే!"

"దొరికిన చోటు కూడా రాయి. కొరెనినా అడుగుతుంది కదా" అంది నేష్కా.

ఇంకొక్క అడుగే మిగిలింది. ష్టెఫాన్ పుట్టిన సంగతి నది అవతలి చర్చి పుస్తకంలో ఉండొచ్చని, అక్కడికే వెళ్ళి పెళ్ళిళ్ళ పుస్తకంలో 'యె. హ.' ఎవరో కూడా చూసి రమ్మని ముళ్ళపంది పంపించింది. లొవ్రో సైకిలు మీద కర్కా నది దాటి, సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. అయితే పడుకునే ముందు మళ్ళీ ఎందుకో ముసిముసిగా నవ్వుకున్నాడు. ఆ పూటకు నేష్కా అతన్ని సోఫా మీంచి లోపలికి రానిచ్చింది.

సెయింట్ మార్టిన్ పండగ వచ్చింది. ఆ రోజున కొత్త ద్రాక్షరసానికి దీవెనలిచ్చి వైనుగా మార్చాలి. ఆ పనికి పక్కింటి పోల్దె ఏటేటా అట్ట కిరీటం పెట్టుకుని, తెరగుడ్డ కప్పుకుని బిషప్పు వేషం కట్టేవాడు. బల్ల మీద పెద్దబాతు, ఎర్ర క్యాబేజీ, బాతు కొవ్వులో నానిన మ్లింత్సి అనే పల్చటి రొట్టె ముక్కలు పొగలు కక్కుతున్నాయి. చుట్టాలూ ఇరుగుపొరుగూ బల్ల చుట్టూ చేరారు. తెక్లా ఎప్పట్లాగే పొయ్యి పక్కన పీట మీద ఉంది. మూల కుర్చీ ఖాళీగా ఉంది.

లొవ్రో లేచి, ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించాడు.

"కూడు చల్లారిపోతుందయ్యా" అన్నాడు పోల్దె కిరీటం సర్దుకుంటూ.

"ఈ ఇంటి చరిత్ర చల్లారలేదు బిషప్పుగారూ. అత్తయ్యా, ఇటు చూడండి. మీ మామగారు యెర్నెయ్. ఈ ఇంటి నెత్తురని మీకు చెప్పాడు. అవునా?"

"చెప్పడమేంటి! 'ఇది ఈ ఇంటి నెత్తురున్న మగాడి కుర్చీ' అని అందులో కూర్చుని ఊరందరి మీదా అరిచేవాడు. గ్రబ్నార్ అంటే ఆయనే."

"ఇదిగో పెళ్ళిళ్ళ పుస్తకం. పేజీ ఫొటో, పుస్తకం ఉన్న చోటు, చూసిన తేదీ, అన్నీ ఉన్నాయి. పచ్చ టిక్కు." లొవ్రో గొంతు సవరించుకుని చదివాడు. "యెర్నెయ్ హొచెవార్. పుట్టింది నది అవతల. గ్రబ్నార్ ఇంటి కూతుర్ని చేసుకుని, ఆ ఇంటికి అల్లుడుగా వచ్చాడు. గానుగ మీద 'యె. హ.' ఈయనే!"

తెక్లా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇంకోసారి చదువు అల్లుడూ. నది ఏ పక్క?"

"అవతల అత్తయ్యా. మీరు పుట్టిన ఒడ్డే. మీ ఊరికి పక్క ఊరు."

"ఇల్లరికం వచ్చాడా?"

"అచ్చం నాలాగే!" లొవ్రో ఛాతీ ఉబ్బింది. "ఇప్పుడు చూడండి. నెత్తురున్న మగాడే కూర్చోవాలన్న రూలు పెట్టిందెవరు? ఆయనే. ఆ రూలుకు ఆధారమేంటి? ఆయన నోటి మాట. ఎర్ర ప్రశ్నార్థకం! ఆయన ఇల్లరికపుటల్లుడై ఉండి ఆ కుర్చీలో నలభై ఏళ్ళు కూర్చున్నాడు. కాబట్టి ఆచారం ప్రకారం ఈ కుర్చీ ఇల్లరికపుటల్లుళ్ళదే!"

పోల్దె చప్పట్లు కొట్టాడు. కిరీటం క్యాబేజీలో పడింది.

"మరి మీ ముత్తాత ష్టెఫాన్ సంగతి చూపించవేం? పచ్చ టిక్కే కదా?" అంది నేష్కా చల్లగా.

లొవ్రో మూలిగాడు. "అది... ఇప్పుడు అక్కర్లేదు."

"చూపించవయ్యా, అంత కష్టపడి గీకావు."

తప్పక నొక్కాడు. టీవీ నిండా పడింది: ష్టెఫాన్ కొబాల్, జననం నది అవతల, వృత్తి పందుల కాపరి, గ్రబ్నార్ ఇంట్లో ఒక చలికాలం జీతానికున్నాడు, ఆధారం నది అవతలి చర్చి పుస్తకం, పందుల కొట్టం గుమ్మం. పోల్దె ఇంకోసారి చప్పట్లు కొట్టాడు.

"పర్లేదు! కుర్చీకీ దానికీ సంబంధం లేదు!" అంటూ లొవ్రో గబగబా మూలకు నడిచి, మామగారి టోపీ తీసి భక్తిగా మేకుకు తగిలించాడు. ఒళ్ళు సర్దుకుని కూర్చోబోయాడు.

"ఆగు" అంది తెక్లా.

ఆవిడ పీట మీంచి లేచింది. మోకాళ్ళు పట్టుకుని, గరిటె ఊతంగా, బల్ల చుట్టూ మెల్లగా నడిచి వచ్చింది. లొవ్రోని మోచేత్తో పక్కకు జరిపింది. మూల కుర్చీలో కూర్చుంది.

"నది అవతలి నుంచి వచ్చాడు ముసలాడు. నేనూ అక్కణ్ణించే వచ్చా. ఆయన కూర్చుంటే ఆచారం, నేను కూర్చుంటే తప్పా? ఆయన ఈ కుర్చీలో కూర్చుని తిన్నదంతా నేనే వండా. ఈ బల్ల మీదికి వండిన బాతులు, కడిగిన పళ్ళేలు, అన్నిటికీ సాక్షి ఈ చేతులే. రాసుకో నీ మిషన్లో." వెంటనే గరిటె బల్ల మీద కొట్టింది. "చూస్తారేం? కాలు ఇటు పెట్టండి."

నేష్కా బాతు కాలు తల్లి పళ్ళెంలో పెట్టి, ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టింది. పోల్దె గ్లాసు నింపి అందించాడు. తెక్లా ఒక గుక్క తాగింది, కళ్ళు మూసుకుంది.

"ఊఁ" అంది.

గ్లాసులు లేచాయి. లొవ్రో కూర్చుందామని చుట్టూ చూశాడు. గలభాలో కుర్చీలన్నీ నిండిపోయాయి. ఖాళీగా ఉన్నది పొయ్యి పక్క ముక్కాలిపీట ఒక్కటే. వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. అది నిజంగానే బాగా అరిగిపోయింది, అతనికి అంతకుముందు తెలియలేదు. అత్తగారు అరవై ఏళ్ళు ఇక్కడెలా కూర్చుందో అనుకున్నాడు.

అయినా ఉక్రోషం ఉక్రోషమే. మనసు విప్పి చెప్పుకోవడానికి ప్రపంచంలో తన శ్రమ తెలిసినవాళ్ళు ఒక్కరే మిగిలారు. ఫోను తీసి ముళ్ళపందికి రాశాడు. "నేస్తం, మీరు చెప్పినట్టే నేలమాళిగ కడిగాను, అటక దులిపాను, కొట్టానికి రెండు పూతలు సున్నం వేశాను. ఇంట్లో నా అంత కష్టపడ్డవాడు లేడు. చివరికి నాకు దక్కింది పీట." పంపించు అని నొక్కాడు.

నేష్కా ఏప్రను జేబులో టింగుమంది.

లొవ్రో తలెత్తాడు. నేష్కా తాపీగా చేతులు తుడుచుకుని, ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదువుతోంది. కడిగిన నేలమాళిగ, ఖాళీ అయిన అటక, తెల్లగా మెరిసే పందుల కొట్టం అతని కళ్ళ ముందు ఒక్కొక్కటే నిలిచాయి. ఆమె వేళ్ళు రెండు మూడుసార్లు కదిలాయి. ఈసారి టింగుమన్నది అతని చేతిలో ఫోను.

"నీ అంత కష్టపడ్డవాడు లేడా? ఆధారం?"

మూల కుర్చీలోంచి తెక్లా గరిటెతో గిన్నెలు చూపించింది. "అల్లుడూ, అవి కడిగి చూపించు, రాసుకుంటాం."